వేగస్‌కి వెళ్లు, ఆ మాట మాత్రం డాలస్‌లోనే చెప్పు

ప్రశ్న: అక్కా, నాకు 29 ఏళ్లు. మాది పల్నాడులో మాచర్ల దగ్గర పల్లెటూరు. ఇప్పుడు డాలస్‌లో ఉద్యోగం, హెచ్-1బి వర్క్ వీసా మీద ఉన్నాను. బీటెక్‌లో కలిసి చదువుకున్న నలుగురం ఒక వీకెండ్ లాస్ వేగస్ వెళ్దామనుకుంటున్నాం. శుక్రవారం సాయంత్రం ఫ్లైట్, ఆదివారం రాత్రికి తిరుగు. ఇక్కడే ఎమ్మెస్ చేస్తున్న మా బాబాయి కొడుకు కూడా వస్తానంటున్నాడు. వాడికి 23. మా గ్రూపులో ఒకడు ‘తలా వెయ్యి డాలర్లు వేసి పూల్ చేద్దాం, అందరం కలిసి ఆడదాం’ అని మెసేజ్ పెట్టాడు. మిగతా ఇద్దరూ సరే అన్నారు. నేను ఇంకా జవాబు ఇవ్వలేదు. మా నాన్న పేకాటలో రెండెకరాల పొలం పోగొట్టాడు. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు అమ్మ నా చేత ముక్క ముట్టనని ఒట్టు వేయించుకుంది. వెయ్యి డాలర్లంటే నేను నెలనెలా ఇంటికి పంపే డబ్బు. వెళ్లనంటే పీనాసి అంటారు. వెళితే అమ్మకిచ్చిన మాట తప్పినట్టవుతుందేమో. ఇంకో సంగతి, ఆ మెసేజ్ పెట్టినవాడు ఈమధ్య ఫోన్‌లో క్రికెట్ బెట్టింగులు ఆడుతున్నాడు. నా దగ్గర రెండుసార్లు చేబదులు తీసుకుని ఒకసారిదే తిరిగిచ్చాడు. ఏం చెయ్యమంటావు?
(పేరు వద్దు, డాలస్)

జవాబు:

తమ్ముడూ, వెళ్లు. కానీ ఆడకు. ఆడనన్న సంగతి టికెట్లు కొనకముందే, డాలస్‌లో ఉండగానే నీ స్నేహితులకు చెప్పు. నేను చెప్పేదంతా దాదాపు ఇంతే. కాకపోతే ఎందుకు, ఎలా అన్నది కాస్త వివరంగా రాస్తాను. రేపు వాళ్లు వాదనకు దిగితే నీ దగ్గర జవాబు ఉండాలి కదా.

ముందు అమ్మకిచ్చిన మాట సంగతి. నువ్వు ముక్క ముట్టనన్నావు. క్యాసినో గుమ్మం తొక్కనని అనలేదు. వేగస్‌లో గుమ్మం తొక్కకుండా ఉండటం ఎటూ కుదరదు. అక్కడి పెద్ద హోటళ్లలో చాలావాటికి రిసెప్షన్ నుంచి లిఫ్టు దాకా, లిఫ్టు నుంచి కాఫీ దొరికే చోటు దాకా దారి క్యాసినో మధ్యలోంచే పోతుంది. కావాలనే అలా కట్టారు. కిటికీలు ఉండవు, గోడ గడియారం కనపడదు, సాయంత్రం ఆరైనా తెల్లవారుజాము మూడైనా అదే వెలుతురు. పెట్టె లాక్కుంటూ దాని మధ్యలోంచి నడిచి రూముకి వెళితే ఒట్టు తప్పినట్టు కాదు. అయితే వెళ్లేముందే అమ్మకి ఫోన్ చేసి చెప్పు. ‘స్నేహితులతో లాస్ వేగస్ వెళ్తున్నానమ్మా, అక్కడ జూదం ఉంటుంది, నేను ఆడను’ అను. ఆమెకు రెండు రోజులు టెన్షన్ తప్పదు. కానీ దాచిపెట్టి వెళ్లి, తర్వాత ఎవడో పెట్టిన వాట్సాప్ స్టేటస్‌లో నిన్ను ఆ దీపాల మధ్య చూస్తే ఆమెకు పాత రోజులన్నీ గుర్తొస్తాయి. పేకాట ఆడే ఇంట్లో ఆడవాళ్లకు డబ్బు పోవడం కన్నా ముందు తగిలే దెబ్బ, ‘ఎక్కడికెళ్లావ్’ అంటే నిజం చెప్పకపోవడమే.

నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు రాయని భయం ఇంకొకటి ఉందనిపించింది. నాన్న గుణం నాకూ వచ్చిందేమో అని. జూదం వ్యసనం కొన్ని కుటుంబాల్లో తరం నుంచి తరానికి కనపడుతుందని మానసిక వైద్యులు చెప్పే మాట నిజమే. అలాగని అది తలరాతేమీ కాదు. కానీ అలాంటి ఇంటి నుంచి వచ్చినవాడు ‘ఒక్కసారి సరదాకి’ అనుకుంటే ఆ సరదా మిగతావాళ్ల కన్నా అతనికి ఎక్కువ ప్రమాదం. అందుకే నీకు ‘ఇంతవరకే ఆడు’ అని హద్దు చెప్పడం లేదు. అసలు వద్దంటున్నాను. మీ బాబాయి కొడుకు కూడా ఆ ఇంటివాడే. పైగా ఇంకా చదువుకుంటున్న పిల్లాడు. వాడికీ ఇదే మాట.

ఇప్పుడు స్నేహితుల వాదన. ‘తెలివిగా ఆడితే పోదురా’ అని ఒకడు తప్పకుండా అంటాడు. మీరందరూ ఇంజినీర్లే కాబట్టి లెక్కతోనే చెప్పు. రూలెట్ అంటే తిరిగే చక్రంలో బంతి ఏ గడిలో ఆగుతుందో పందెం కాయడం. అమెరికాలో మామూలుగా కనపడే చక్రంలో 38 గడులు ఉంటాయి. 1 నుంచి 36 దాకా అంకెలు, ఒక సున్నా, ఒక జంట సున్నా. ఒక అంకె మీద డాలర్ పెట్టి గెలిస్తే 35 డాలర్లు ఇస్తారు, నీ డాలర్ నీకు తిరిగొస్తుంది. అంటే 38 గడుల మీదా తలా డాలర్ పెట్టావనుకో, చేతికి వచ్చేది 36. రెండు డాలర్లు క్యాసినో తీసుకుంది. వందకి 5.26 అన్నమాట. ఈమధ్య స్ట్రిప్ మీద, అంటే పెద్ద హోటళ్లు వరసగా ఉండే ప్రధాన రోడ్డు మీద, మూడు సున్నాల చక్రాలు కూడా పెట్టారు. వాటిలో గడులు 39, ఇచ్చేది మాత్రం అదే 35. అక్కడ వందకి 7.69 పోతుంది. చూడటానికి రెండు చక్రాలూ ఒకేలా ఉంటాయి, ఆకుపచ్చగా ఉండే సున్నా గడులు లెక్కపెడితే తప్ప తెలియదు. గుంటూరు మిర్చి యార్డులో ప్రతి బస్తాకీ తరుగు తీసినట్టే ఇదీ. ధర బాగున్న రోజైనా పడిపోయిన రోజైనా తరుగు ఆగదు. పందేనికి 25 డాలర్ల చొప్పున గంటకు నలభై పందేలు కాస్తే బల్ల మీద తిరిగింది వెయ్యి డాలర్లు, సగటున పోయేది 52. ఒక్కో గంట లాభం రావచ్చు, వస్తుంది కూడా. కానీ ఎంతసేపు కూర్చుంటే ఈ లెక్క అంత నిజమవుతుంది.

బ్లాక్‌జాక్ అనే పేకాట దీనికన్నా నయమని చెబుతారు. అది కొంతవరకు నిజం, బాగా నేర్చుకుని ఆడేవాడికి. కానీ ఆ బల్ల మీద గుడ్డపై ఏం అచ్చు వేశారో చూడమను. పాత పద్ధతిలో బ్లాక్‌జాక్ పడితే, అంటే మొదటి రెండు ముక్కలకే 21 వస్తే, మూడుకి రెండు లెక్కన ఇచ్చేవారు. 25 డాలర్ల పందేనికి 37న్నర. ఇప్పుడు స్ట్రిప్ మీద తక్కువ పందెం బల్లల్లో ఎక్కువగా ఆరుకి అయిదే ఇస్తున్నారు. అదే పందేనికి 30. సుమారు ఇరవై చేతులకి ఒకసారి పడే మంచి ముక్కకి ప్రతిసారీ ఏడున్నర డాలర్లు కోత. కొత్తవాళ్లలో ఆ అక్షరాలు చదివి కూర్చునేవాళ్లు తక్కువ. ఇక స్లాట్ మెషీన్ల సంగతి. నెవాడా చట్టం ప్రకారం మెషీన్ కనీసం వందకి 75 తిరిగివ్వాలి. చాలావరకు అంతకన్నా ఎక్కువే ఇస్తాయి. అయినా గంటకు వందలసార్లు మీట నొక్కుతారు కాబట్టి తరుగు చాలా త్వరగా పడుతుంది. ‘ఇందాకట్నుంచి ఇవ్వలేదు కాబట్టి ఇప్పుడిస్తుంది’ అన్నది ఉత్త భ్రమ. ఒక నొక్కుకీ ఇంకో నొక్కుకీ సంబంధం లేదు.

దగ్గర నుంచి చూస్తే ఇంకోటి అర్థమవుతుంది. బల్ల దగ్గర నువ్వు డబ్బు చేతికిస్తే ఆట నడిపే డీలర్ తీసుకోడు, బల్ల మీద పెట్టాలి. నోట్లు కెమెరాకు కనపడేలా పరిచి, ఎంతో పైకి చెప్పి, ఒక చిన్న చెక్కతో బల్లలో ఉన్న సందులోకి తోసేస్తాడు. అంతటితో డాలర్ కంటికి కనపడకుండా పోయింది. నీ ముందు ఎర్రవి, పచ్చవి, నల్లవి బిళ్లలు మిగులుతాయి. సాధారణంగా ఎర్రది అయిదు, పచ్చది పాతిక, నల్లది వంద. వంద డాలర్ల నోటు తీసి ఇవ్వడానికి చెయ్యి ఆగుతుంది. నల్ల బిళ్ల ముందుకు తోయడానికి ఆగదు. ఆడుతున్నంతసేపూ మందు ఉచితంగా తెచ్చిస్తారు, తెచ్చినమ్మాయికి డాలరో రెండో టిప్ ఇస్తే చాలు. ఆ ఉచితం ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

అందుకే ఆ పూల్ సంగతి నాకు అన్నిటికన్నా భయంగా ఉంది. అయిదువేలు ఒకడి చేతిలో పడితే ఎవడు ఆడాలి, ఎంత కాయాలి, ఎప్పుడు లేవాలి అన్నది ఎవరు నిర్ణయిస్తారు? ముక్క పడుతున్నంతసేపు అందరిదీ ఒకే మాట. పోవడం మొదలయ్యాక ఒకడు ‘చాలు’ అంటాడు, ఇంకొకడు ‘పోయినచోటే వెతుక్కోవాలి’ అంటాడు. ఆ రెండో మాట మీ నాన్నగారు ఎన్నిసార్లు అని ఉంటారో మీ అమ్మకు తెలుసు. పూల్ చెయ్యాలని మెసేజ్ పెట్టినవాడే ఆ రాత్రి పూల్ పట్టుకుంటాడు, నువ్వే చూడు. తన డబ్బుతో ఆడేవాడికి జేబు ఖాళీ అయితే ఆట ఆగుతుంది. నలుగురి డబ్బుతో ఆడేవాడికి ఆగాల్సిన పని ఉండదు.

గ్రూపులో ఈ మాటలే పెట్టు. నీకు నచ్చినట్టు మార్చుకో: ‘నేను వస్తున్నాను. రూము, ఫ్లైట్, షో, తిండి అన్నిటిలో నా వాటా నాది. క్యాసినోలో మాత్రం నేను ఆడను, పూల్‌లో వెయ్యను. ఇంట్లో నాన్న వల్ల ఏమైందో మీకు తెలుసు, అమ్మకి మాటిచ్చాను. తమ్ముడు కూడా ఆడడు. మీరు ఆడుతుంటే నాకేం ఇబ్బంది లేదు. అక్కడ మాత్రం ఎవరూ ఎవరి దగ్గరా చేబదులు అడగొద్దు, ఇవ్వొద్దు.’ నాన్న సంగతి వాళ్లకు తెలియకపోతే అందరికీ చెప్పక్కర్లేదు, బాగా దగ్గరివాడు ఒకడికి విడిగా చెప్పు. వాడు గ్రూపులో నీ తరపున మాట్లాడతాడు. ఇదంతా రాతలో పెట్టడానికి మొహమాటపడకు. రాత్రి ఒంటిగంటకి బల్ల పక్కన నిలబడి ‘నేను ఆడను’ అనడం చాలా కష్టం. పగలు, మీ ఆఫీసులో టీ తాగుతూ టైప్ చేయడం తేలిక. పీనాసి అంటారని రాశావు. అననీ. ఖర్చులో వాటా పైసాతో సహా ఇచ్చేవాణ్ణి ఎక్కువసేపు పీనాసి అనలేరు.

ఆడతామనే మిగతావాళ్లకు నా సలహా వేరు. ఎవడి డబ్బు వాడిదే, కవర్లో నోట్ల రూపంలో, పోతే ఒక షో టికెట్‌కి పెట్టామనుకుని మర్చిపోగలిగినంత. కార్డులు రూములో లాకర్లో. క్యాసినోలో ఏటీఎమ్ నుంచి ఒక్కసారి తీస్తే ఫీజే దాదాపు పది డాలర్లు ఉంటుంది. క్రెడిట్ కార్డు మీద నగదు తీస్తే ఫీజుకి తోడు ఆ రోజు నుంచే వడ్డీ. కవరు అయిపోతే ఆట అయిపోయినట్టే.

ఇక ఆ స్నేహితుడు. అతని పేరు నువ్వు రాయలేదు, మంచిపనే చేశావు. ఫోన్‌లో బెట్టింగ్, చేబదుళ్లు, ఒకటి తిరిగిచ్చి ఇంకోటి ఇవ్వకపోవడం, ఇప్పుడు పూల్ ఆలోచన కూడా అతనిదే కావడం. ఇవన్నీ కలిపి చూస్తే నాకు అతని మీద కోపం రావడం లేదు, దిగులుగా ఉంది. మీరు వేగస్ వెళ్లేలోపు ఒకసారి అతనితో ఒంటరిగా కూర్చో. డబ్బు సంగతి మొదట ఎత్తకు. ‘ఎంత పోయిందిరా ఇప్పటిదాకా?’ అని సూటిగా అడుగు, చెప్పేదాకా ఊరుకో. ఎక్కువ పోయిందని తేలితే వేగస్ వద్దు, ఈసారికి ఇంకోచోటుకి వెళ్దామని గ్రూపు మొత్తాన్నీ ఒప్పించు. గ్రాండ్ కెన్యన్‌కో కొలరాడోకో వెళితే నలుగురూ కలిసి ఉన్నట్టే ఉంటుంది. అమెరికాలో జూదం అలవాటు మానలేకపోతున్నవాళ్లకు 1-800-426-2537 నంబరు ఉంది, పగలూ రాత్రీ పలుకుతారు. నంబరు అతని ఫోన్‌లో ఉండటం మంచిది, నీ ఫోన్‌లో కూడా. అతను ఎంత బతిమాలినా అక్కడ అప్పు ఇవ్వకు. ఇస్తే డబ్బుతో పాటు స్నేహితుణ్ణి కూడా పోగొట్టుకుంటావు. నీకు ఇవ్వాల్సిన పాత బాకీ కోసం ఇప్పుడు తొందరపెట్టకు. అది తీర్చడానికే అతను గెలవాలని కూర్చోవచ్చు.

ఖర్చు లెక్కలు తొందరగా చెబుతాను. రూము అద్దె వంద లోపు కనపడినా, దాని మీద రిసార్ట్ ఫీజు అని రోజుకి 40, 50 డాలర్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే ఉంటుంది, ఆపైన 13 శాతం పైచిలుకు పన్ను. 2025 మే నుంచి కేంద్ర నిబంధన ప్రకారం ఈ ఫీజు కలిపిన మొత్తాన్నే ముందు చూపించాలి, కాబట్టి ఆ అంకెనే చూసుకో. దిగేటప్పుడు కార్డు మీద డిపాజిట్ కింద కొంత ఆపుతారు. రెండు రూములు ఒకడి కార్డు మీదే తీస్తే ఆ భారమంతా వాడి మీద పడుతుంది, పంచుకోండి. శుక్ర, శనివారాల అద్దె వారం మధ్య కన్నా బాగా ఎక్కువ. కారు తీసుకుంటే చాలా హోటళ్లలో పార్కింగ్‌కి కూడా డబ్బే.

అమ్మ పంపిన పొడులు, పచ్చళ్లు పట్టుకెళ్తారేమో, పులిహోర కలుపుకుని డబ్బాలో పెట్టుకుంటారేమో. పెట్టుకోండి, కానీ రూములో ఉన్న ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా పెట్టకండి. చాలాచోట్ల అది మినీబార్, లోపలి సీసాల కింద సెన్సార్లు ఉంటాయి. సీసా జరిపి పెరుగుకి చోటు చేశామంటే ఆ సీసా కొన్నట్టే లెక్క, బిల్లులో వస్తుంది. మైక్రోవేవ్ కూడా మామూలుగా ఉండదు. శనివారం నాన్‌వెజ్ ముట్టనివాడు గ్రూపులో ఉంటే స్ట్రిప్‌కి దగ్గర్లోనే ఇండియన్ హోటళ్లు ఉన్నాయి, ముందే చూసి పెట్టుకోండి. బఫేలు ఇప్పుడు మునుపటిలా చవక కాదు. శాకాహారికి అంత డబ్బు దండగ.

నైట్‌క్లబ్ ఆలోచన ఉంటే ఒకమాట. అందరూ మగపిల్లలే ఉన్న గుంపుకి గుమ్మం దగ్గరే ఎక్కువ అడుగుతారు, టేబుల్ తీసుకోమని ఒత్తిడి పెడతారు. టేబుల్ ధర మీద పన్ను, టిప్, ఫీజు అన్నీ కలిపితే చెప్పిన దానికి మూడోవంతు దాకా కలుస్తుంది. బయట రోడ్డు మీద వేషాలు వేసుకుని ఫోటోకి పిలిచేవాళ్లు ఫోటో అయ్యాక డబ్బు అడుగుతారు. వద్దనుకుంటే ముందే తల అడ్డంగా ఊపి వెళ్లిపో. స్ట్రిప్ మీద నడక వంతెనల పైన ఆగి నిలబడటం 2024 నుంచి నేరం. ఫోటోలు కింద తీసుకోండి.

వీసా మీద ఉన్నవాళ్లకు నిజమైన ప్రమాదం బల్లల దగ్గర కన్నా వేరేచోట ఉంది, ఇది మీ తమ్ముడికి గట్టిగా చెప్పు. నెవాడాలో గంజాయి దుకాణాలు 2017 నుంచి బహిరంగంగా ఉన్నాయి, బోర్డులు పెట్టి అమ్ముతారు, చాక్లెట్ల రూపంలో కూడా దొరుకుతుంది. కానీ కేంద్ర చట్టం ప్రకారం అది నేరమే, వీసాలూ గ్రీన్‌కార్డూ కేంద్రం చేతిలోవి. కేసు కాకపోయినా, రేపు ఇంటర్వ్యూలో వాడానని ఒప్పుకున్నా సమస్యే. తాగి కారు నడిపి పట్టుబడితే, కోర్టులో ఏమీ తేలకముందే వీసా రద్దు చేయవచ్చు. ఎఫ్-1 వీసా మీద చదువుకునే పిల్లలకూ హెచ్-1బి వాళ్లకూ ఇది జరుగుతోంది. తాగేవాళ్లు ఎవరైనా సరే స్టీరింగ్ ముట్టుకోవద్దు. ఇంకోటి, వేగస్‌లో వ్యభిచారం చట్టబద్ధమని మన కుర్రాళ్లలో ఒక అపోహ ఉంది. లాస్ వేగస్ ఉన్న క్లార్క్ కౌంటీలో అది నేరం. వీధిలో కార్డులు చేతిలో పెట్టేవాళ్లను పట్టించుకోవద్దు.

మందు, ఆట రెండిటికీ 21 నిండాలి, గుర్తింపు కార్డు అడుగుతారు. తమ్ముణ్ణి పాస్‌పోర్టు, దేశంలోకి వచ్చిన రికార్డు ఐ-94, కాలేజీ ఇచ్చిన ఐ-20 కాగితాలు దగ్గరుంచుకోమను. నీ మాట కాదని వాడు సరదాకి స్లాట్ నొక్కి పెద్ద జాక్‌పాట్ తగిలిందనుకో. మొదటి అయిదేళ్లలో ఉన్న ఎఫ్-1 విద్యార్థిని పన్ను లెక్కలో విదేశీయుడిగానే చూస్తారు కాబట్టి 30 శాతం అక్కడే కోసుకుని మిగతాది ఇస్తారు. ఇండియా పౌరులకు ఇందులో ఒప్పందం మినహాయింపు లేదు. మీ అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఆడినా అంతే.

ఇక ఆడనివాడికి రెండు రోజులు ఏం తోస్తుంది అంటావేమో. నాకైతే ఆడేవాళ్ల మీదే జాలి, ఆ ఊళ్లో చూడాల్సినవి వాళ్లు చూడరు. బెలాజియో ముందు చెరువులో ఫౌంటెన్లు సాయంత్రాలు పావుగంటకోసారి పాటకు ఆడతాయి, రూపాయి ఖర్చు లేదు. ఆ హోటల్ లోపల పూలతోట కూడా ఉచితమే, కాలాన్ని బట్టి అలంకరణ మారుస్తారు. పాత ఊరివైపు ఫ్రీమాంట్ స్ట్రీట్‌లో వీధి మొత్తానికి పైకప్పుగా వేసిన తెర మీద రాత్రిపూట బొమ్మలు కదులుతాయి, అదీ ఉచితమే. 2023లో తెరిచిన స్ఫియర్ అనే గుండ్రని కట్టడాన్ని బయట నుంచి ఎంతసేపైనా చూడొచ్చు. లోపలికైతే టికెట్ ఖరీదెక్కువే, అయినా ఒకసారి పెట్టొచ్చు. పటంలో పక్కపక్కనే కనపడే హోటళ్ల మధ్య కూడా నడక చాలా ఉంటుంది. మంచి బూట్లు వేసుకోండి.

ఆదివారం పొద్దున్న మాత్రం కారు తీసుకుని హూవర్ డ్యామ్‌కి వెళ్లు, స్ట్రిప్ నుంచి గంటలోపే. సాగర్ నీళ్లు తాగి పెరిగినవాడివి, నీకు ఇది తప్పకుండా చూపించాలని ఉంది నాకు. మన నాగార్జునసాగర్ రాతికట్టడం, ఎత్తు 124 మీటర్లు. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేశాడు. హూవర్ అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1930లలో, కాంక్రీటుతో కట్టింది. ఎత్తు 221 మీటర్లు. సాగర్ పొడవుగా నది మీద పరుచుకుని ఉంటే, ఇది ఇరుకు లోయలో రెండు కొండల మధ్య విల్లులా వంగి నిలబడి ఉంటుంది. కట్ట మీద నడవడానికి డబ్బు లేదు, నెవాడా వైపు కారు పెట్టడానికి మాత్రం తీసుకుంటారు. పక్కనే 2010లో వేసిన పెద్ద వంతెన మీదకు మెట్లెక్కి వెళితే డ్యామ్ మొత్తం ఎదురుగా కనపడుతుంది. జలాశయం ఒడ్డు కొండల మీద తెల్లని పట్టీ ఒకటి చుట్టూ ఉంటుంది, నీళ్లు ఒకప్పుడు ఎంతవరకు ఉండేవో దాన్ని బట్టి తెలుస్తుంది. సాగర్ ఎండిన ఏళ్లు చూసినవాడికి అది చూస్తే ఎవరూ వివరించక్కర్లేదు. 1931లో ఈ డ్యామ్ పని మొదలైంది, అదే ఏడాది నెవాడా జూదాన్ని చట్టబద్ధం చేసింది. పని కోసం వేలమంది వచ్చిన ఆ ఊరు అక్కడి నుంచే పెరిగింది. రాత్రంతా ఆడి నిద్రపోతున్నవాళ్లను లేపడం కుదరకపోతే నువ్వూ తమ్ముడూ వెళ్లండి.

కొండలు ఇష్టమైతే రెడ్ రాక్ కెన్యన్ ఇంకా దగ్గర, ఊరికి పడమటి వైపు. పదమూడు మైళ్ల రోడ్డు చుట్టి రావచ్చు. అక్టోబరు నుంచి మే దాకా లోపలికి వెళ్లడానికి ముందే టైమ్ బుక్ చేసుకోవాలి. గ్రాండ్ కెన్యన్ అసలైన సౌత్ రిమ్‌కి వేగస్ నుంచి నాలుగు గంటలు పైనే పడుతుంది, ఈ రెండు రోజుల్లో దాని జోలికి పోకండి.

నీ ఉత్తరంలో తేదీ లేదు కాబట్టి చివరగా ఇది చూసుకో. జనవరి మొదట్లో సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ సంత, నవంబరులో ఫార్ములా వన్ రేసు జరిగే వారాల్లో రూముల ధరలు కొండెక్కుతాయి, లాంగ్ వీకెండ్లలోనూ అంతే. జూన్ నుంచి ఆగస్టు దాకా చాలా రోజులు పగలు 40 డిగ్రీలు దాటుతుంది. 2024 జులైలో 120 ఫారన్‌హీట్ తగిలింది, అంటే దాదాపు 49. డ్యామ్ కట్ట మీద నీడ ఉండదు. మార్చిలోనో అక్టోబరులోనో మామూలు వీకెండ్ చూసుకో. ఆదివారం రాత్రి డాలస్ ఫ్లైట్ ఎక్కేటప్పుడు అక్కడికీ ఇక్కడికీ రెండు గంటలు తేడా అని మర్చిపోకండి. తొమ్మిదికి బయల్దేరితే ఇంటికి చేరేసరికి తెల్లవారుజాము రెండు దాటుతుంది. సోమవారం సెలవు పెట్టలేనివాళ్లు సాయంత్రం ఫ్లైటే తీసుకోండి.